ఇరుగమ్మ గిన్నె

బహుళ సప్తమి

గేటు తెరిచాను. గాలి తూర్పు. మంచు ఉన్నచోటే ఉంది.

రోజూ ఈ మూడు ముక్కలూ రాయాలి. గేటు కాపలా ఉద్యోగమంటే అంతే. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మూడే రాశాడు, పుణ్యాత్ముడు. ఆయన పోయాక తాళంచెవీ కలమూ నా చేతికి వచ్చాయి. నాకు నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. అందుకని మిగతావి కూడా రాస్తుంటాను.

పొద్దున్నే సూర్యపలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. పేరంటాలు బియ్యం బస్తాలు కుట్టింది. పేరంటాలు నా కూతురు. దాని సూది ఎంత పదునో నోరూ అంతే పదును, ఎవరి పోలికో మరి. అమావాస్యకి ఈ బస్తాలు గేటు దాటి ఎగువ దేశానికి వెళ్తాయి. బదులుగా ఎగువ నుంచి గొట్టంలో తియ్యనీళ్ళు వస్తాయి. మా నేల ఎక్కడ తవ్వినా ఉప్పే. దక్షిణానా పడమటా సముద్రం, తూర్పున బురద, బురద అవతలి అంచున పొగమంచు. నేలమీద మాకున్న పొరుగు ఎగువ ఒక్కటే, దారి ఈ గేటు ఒక్కటే. గేటు మీద ‘దిగువ-2’ అని రాసి ఉంటుంది. ఒకటో గేటు పాతకాలపు తుపానులో కొట్టుకుపోయిందని చిన్నప్పుడు చెప్పారు.

ఎగువ ఆఫీసరు ప్రభంజన్ వచ్చాడు. ఎప్పటిలాగే మూతికి గుడ్డ కట్టుకుని, తూర్పుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

“నాంచారమ్మా, ఈ అమావాస్యకి బస్తాలతో పాటు ఇరవైమంది పిల్లలు కూడా కావాలి. పెళ్ళికానివాళ్ళు, కొండెక్కగలిగినవాళ్ళు. పదేళ్ళ పని.”

“పిల్లలంటే గుమ్మడికాయలా బాబూ, ఇన్ని కావాలి అని బేరమాడటానికి?”

“మంచుని అణిచే యంత్రాల దగ్గర పని ఆగిపోయింది. యంత్రాలు తిరక్కపోతే ఆ విషపు మంచు మీ మీదికే వస్తుంది. మీ మంచికే చెబుతున్నా.”

“పంపకపోతే?”

గొట్టం మీదున్న చక్రాన్ని వేలితో తట్టాడు. తర్వాత, నమస్కారం పెట్టినంత తేలిగ్గా, ఎప్పుడూ అనే మాటే అన్నాడు. “మేం తప్ప మీకు లోకంలో ఇంకెవరున్నారు చెప్పు?”

లోపల పేరంటాలు బస్తా కుడుతూ పాడుకుంటోంది. పెళ్ళికానిది, కొండెక్కగలిగినది. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

బహుళ అష్టమి

గేటు తెరిచాను. గాలి లేదు. మంచు కొంచెం వెనక్కి జరిగినట్టుంది, లేకపోతే నా చత్వారమో.

బావగారింటికి వెళ్ళాను. మా ఆయన అన్నగారు అయోధ్యరామయ్య గారు ఈ దేశానికి అధ్యక్షుడు. అంటే, వల బాగుచేసుకుంటూ మధ్యమధ్యలో దేశాన్ని కూడా చూస్తుంటారు.

“ఏం చేద్దామంటారు బావగారూ?” అని అడిగాను.

“చేసేదేముందమ్మాయ్. వాళ్ళు చక్రం తిప్పేస్తే ఊరు ఊరంతా నాలిక పిడచకట్టి చస్తాం. ఇరవైమందా, అందరమా?”

“ఆ ఇరవైమందిలో మీవాడు లేడు కాబట్టి లెక్క ఇట్టే తేలింది.”

ఆయన చేతిలో సూది ఆగిపోయింది. “ఉన్నాడమ్మాయ్. మావాడిదే మొదటి పేరు. వాడి తర్వాత పేరంటాలు.”

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పేర్లు అప్పుడే అనుకున్నారన్నమాట! నాలుగు కడిగేద్దామని వెళ్ళినదాన్ని, ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఏమీ అనకుండా వచ్చేశాను.

సంగతి చెబితే పేరంటాలు ఏడవలేదు. వాకిట్లో నిలబడి తూర్పుకి చూస్తూ, “అమ్మా, ఆ యంత్రాలు మంచుని అణచడానికే కదా? అవి ఆగితే మంచు పెరగాలి. తగ్గుతోందేంటి?” అంది.

“నోర్ముయ్. అటు చూడకు,” అన్నాను. చిన్నప్పట్నించీ నాకు చెప్పిన మాట అదే, నోటికి వచ్చేసింది. ఆ మంచు గాలి తగిలితే ఊపిరితిత్తులు కరిగిపోతాయని బడిలో నేర్పారు. ఎవరైనా బురద గట్టున ఉన్న గుంజ దాటి అటు అడుగేస్తే ఎగువవాళ్ళ ఇనపతూనీగలు నెత్తిమీద తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా కూస్తాయి. ఇవాళ మాత్రం ఒక్క తూనీగా ఎగరలేదు. రెండు బురదలో పడి ఉన్నాయి. పీతలు వాటిమీదికెక్కి కూర్చున్నాయి.

బహుళ నవమి

గేటు తెరిచాను. గాలి తూర్పు. మంచు తగ్గింది. నా కళ్ళు బాగానే ఉన్నాయి.

ఇవాళ ఇరుగమ్మ ఆకు. కొత్తబియ్యం వచ్చాక మొదటి బహుళ నవమినాడు, బురద అంచున పాతిన గుంజ దగ్గర ఆకు వేసి అన్నం పెట్టాలి. గేటు కాపలా ఇంటి ఆడదే పెట్టాలి. ఇరుగమ్మ ఎవరు, ఎక్కడి దేవత అంటే ఎవరూ చెప్పలేరు. కనపడదు, తూర్పున ఉంటుంది, చల్లనితల్లి అంటారు. ‘ఇరుగమ్మ చల్లగా ఉంటేనే ఇల్లు చల్లగా ఉంటుంది’ అని మా అత్తగారు దణ్ణం పెట్టుకునేది. గుడి లేదు, బొమ్మ లేదు. పోటు వచ్చి ఆకు కొట్టుకుపోతే తల్లి ఆరగించింది అనుకుంటాం.

మామూలుగా ఆకు ఒక్కటే. ఈసారి మా అమ్మ నాకిచ్చిన కంచు గిన్నె తీసుకెళ్ళాను. నిండా పులిహోర పెట్టి, నీళ్ళు అందకుండా గుంజకి ఉట్టి కట్టి అందులో ఉంచాను. “తల్లీ, నా బిడ్డని ఎగువకి పంపించకు. ఈ గిన్నె నీకే ఇచ్చేశాను,” అని మొక్కుకున్నాను. మా ఆయన పోయినప్పుడు కూడా నలుగురి ముందూ ఏడవలేదు. ఇవాళ పీతల ముందు ఏడ్చాను.

బహుళ దశమి

గేటు ఆలస్యంగా తెరిచాను. గాలి చూడలేదు.

గిన్నె వెనక్కి వచ్చింది.

కొట్టుకురావడం కాదు. ఉట్టిలోనే ఉంది. బూడిదతో తోమి ఉంది, మా ఇంట్లో ఏనాడూ అంత తళతళలాడి ఎరగదు. పైన ఆకు మూత, దానికి నారముడి. విప్పితే లోపల బెల్లం పరమాన్నం, ఇంకా గోరువెచ్చగా.

అక్కడే బురదలో చతికిలబడ్డాను. తల్లి పలికింది! ప్రసాదం పంపింది, నా బిడ్డ బతికింది అనుకున్నాను. గిన్నె నెత్తిన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

పేరంటాలు గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసింది. “అమ్మా, దేవుళ్ళు గిన్నెలు తోముతారా?”

“ఛీ, నీ నోట్లో మన్నుపడ! కళ్ళు పోతాయే.”

“అది కాదమ్మా. ఎవరింటి గిన్నె అయినా మనింట్లో ఉండిపోతే మనమేం చేస్తాం? తోమి, ఏదో ఒకటి పెట్టి పంపుతాం. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని నువ్వే కదా నాకు వీపు మీద వాయించి నేర్పావు. దేవుళ్ళయితే తినేసి ఊరుకుంటారు. గిన్నె తిరిగిచ్చేది మనుషులే.”

అది అంతటితో ఊరుకుందా? పరమాన్నంలోంచి ఒక మెతుకు తీసి వెలుతురులో పెట్టింది. మెతుకు చివర నల్లటి మచ్చ. మచ్చగింజలు! ఆ బియ్యం మా ఉప్పునేలలో తప్ప పండదు. పేరంటాలు బస్తాల్లో కుడితే నేను గేటు దాటించి ఎగువకి పంపే బియ్యం అది. మంచు అవతల, నరమానవుడు లేడన్న చోట, ఎవరో మా బియ్యంతో పరమాన్నం వండారు.

ఓరి భగవంతుడా. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాం. నమ్మకం కుదరక ఇద్దరం కలిసి గిన్నె మొత్తం ఖాళీ చేశాం.

బహుళ ఏకాదశి

గేటు తెరిచి, అక్కడ పేరంటాలుని కూర్చోబెట్టి వెళ్ళాను. మంచు పల్చటి పంచెలా ఉంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కాను. గిన్నె ఖాళీగా పెట్టలేను కదా, సున్నుండలు పెట్టి ఉట్టిలో ఉంచాను. గుంజ పక్కన మడచెట్టు చాటున నక్కి కూర్చున్నాను. నా వయసుకి ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఎండెక్కాక మంచులోంచి తాటిదోనె ఒకటి బయటికొచ్చింది. దాన్ని నెట్టుకుంటూ నా ఈడు ఆడమనిషి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, మోకాళ్ళ దాకా బురదతో.

తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది. చేతిలో దోనె వదిలేసింది. “ఇరుగమ్మ తల్లీ!” అంటూ నేను బురదలో సాష్టాంగపడ్డాను. తలెత్తేసరికి ఆమె కూడా బోర్లాపడి ఉంది. “పొరుగమ్మ తల్లీ, తప్పయిపోయింది! నీ గిన్నె ముట్టుకున్నా, కాపాడు తల్లీ!” అని ఏడుస్తోంది.

ఇద్దరం అలా ఎంతసేపు పడి ఉన్నామో. ముందు ఆమే తల ఎత్తింది.

“తల్లీ, నీ ముక్కుకి బురదైంది,” అంది.

“నీకూ అయింది.”

“నువ్వు దేవతవి కాదా?”

“నా మొహం! నేను గేటు కాపలా నాంచారమ్మని. మరి నువ్వో?”

“నేను మా గేటు కాపలా ఇంటిదాన్నే. సోమాలమ్మంటారు.”

“ఏ గేటు?”

“దిగువ గేటు. ఒకటో నెంబరు.”

మేము దిగువ, వాళ్ళూ దిగువే. వాళ్ళకీ నేలమీద ఉన్నది ఒక్క ఎగువే, దారి ఒక్క గేటే. వాళ్ళకీ మంచు విషమే. మంచు అవతల ఎవరూ మిగల్లేదని వాళ్ళ ఆఫీసరూ చెప్పాడట. “మేం తప్ప మీకు లోకంలో ఇంకెవరున్నారు చెప్పు?” అని సోమాలమ్మ వాళ్ళ ఆఫీసరు గొంతు పెట్టి అంది. అక్షరం తేడా లేదు.

“మా బడిలో ఇరుగంటే ఎగువ దేశం అని నేర్పుతారు. మరి పొరుగంటే ఏంటంటే పడమటి దేవత అంటారు. ఏడాదికోసారి ఇటు తిరిగి ఆకేస్తాం. ఈసారి మంచు తగ్గితే దోనెలో ఇంకాస్త ముందుకొచ్చి చూశా, నీ గిన్నె కనిపించింది,” అంది.

ఇరుగు, పొరుగు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పలకడం నా జన్మలో అదే మొదలు. ఇరుగుపొరుగు! ఇంటికి ఈ పక్కనొకరు, ఆ పక్కనొకరు. మాకు ఒక్క పొరుగే మిగిలేసరికి, పనిలేకుండా పోయిన మాటని ఏం చెయ్యాలో తెలియక మా పెద్దవాళ్ళు దానికి దణ్ణం పెట్టారు. వాళ్ళ పెద్దవాళ్ళు మిగతా సగానికి పెట్టారు. పక్కింటావిడని పట్టుకుని దేవతని చేసి కూర్చున్నాం మనం! నవ్వు వచ్చింది. ఇద్దరం బురదలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“ఆ బియ్యం ఎక్కడివి సోమాలమ్మా?”

“ఎగువవాళ్ళిస్తారు. వాళ్ళ పొలాల్లో పండిందంట. మాది ఇసకనేల, గింజ పండదు. నీళ్ళకి మాత్రం కొదవలేదు. దిబ్బల్లో చెలమ తవ్వితే కొబ్బరినీళ్ళే. రోజూ పొద్దున్నే బిందెలతో తోడి గొట్టంలో పోస్తాం. ఎగువవాళ్ళు తాగుతారంట.”

సొరకాయ బుర్రలో తెచ్చుకున్న నీళ్ళు నాకిచ్చింది. ఒక్క గుక్క తాగి ఆగిపోయాను. పుట్టినప్పట్నించీ నేను తాగుతున్న నీళ్ళే అవి. మా గొట్టం నీళ్ళు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే. వాళ్ళ నీళ్ళు మాకిచ్చి మా బియ్యం పట్టుకెళ్తున్నారు, మా బియ్యం వాళ్ళకిచ్చి వాళ్ళ నీళ్ళు పట్టుకెళ్తున్నారు. మధ్యలో కూర్చుని దిక్కూమొక్కూ మేమే అంటున్నారు. నాకు కోపం రావాలి. రాలేదు.

వెళ్ళేముందు సోమాలమ్మ చెప్పింది. “పోయినేడు మా పిల్లల్ని ఇరవైమందిని అడిగారు. మంచు యంత్రాల దగ్గర పనంట. మా పోతురాజుని నేనే గేటు దాటించా. వాడి కబురే లేదు.”

బహుళ ద్వాదశి

గేటు తెరిచాను. మిగతా రెండూ ఇవాళ ఎవడిక్కావాలి.

బావగారు నమ్మలేదు. “ఏకాదశి ఉపవాసానికి కళ్ళు తిరిగాయేమో అమ్మాయ్,” అన్నారు. నేనేనాడు ఉపవాసం ఉన్నాను కనక! ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. సోమాలమ్మ చెప్పిన వేళకి వచ్చింది, వాళ్ళ పెద్దమనిషిని కూడా తీసుకొచ్చింది. ఆ పెద్దమనిషి కూడా వల బాగుచేసుకునేవాడే. ఇద్దరు అధ్యక్షులూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మా బావగారు సొరకాయ బుర్రలో నీళ్ళు తాగి, గుటక పడక పొలమారి, కండువాతో మొహం కప్పుకున్నారు.

“ఎన్ని పంపాం ఇన్నాళ్ళూ, దణ్ణాలు పెట్టి బస్తాలు...” అన్నారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పోట్లాడుకుంటారనుకున్నాను. అందరూ తూర్పు గట్టు మీద వరసగా నిలబడి, చిన్నప్పట్నించీ చూడకూడదన్న దిక్కుకి చూశారు. అవతల దీపాలు వెలుగుతున్నాయి.

బహుళ త్రయోదశి

గేటు తెరిచాను. గాలి తూర్పు. మంచు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.

ప్రభంజన్ వచ్చాడు. గుడ్డ రెండు మడతలు కట్టుకున్నాడు. “పిల్లలు సిద్ధమేనా? అమావాస్య పొద్దున్న బండ్లు వస్తాయి. తలుపులేసుకుని ఉండండి, మంచు పల్చబడితే విషం ఇంకా ఎక్కువవుతుందంట.”

“అంట? ఎవరంటారు బాబూ?”

“పైవాళ్ళు.”

“యంత్రాల దగ్గర ఉన్నవాళ్ళకి ఏమైంది?”

చిరాకు పడ్డాడు. “ఎక్కడి పిల్లలో నాకు తెలీదు. పైవాళ్ళు పంపినవాళ్ళు. యంత్రాలాపి కొండమీద బైఠాయించారు. చంపినా ముట్టుకోం అంటున్నారు. కొండమీంచి అటూ ఇటూ దీపాలు కనిపించాయంట. ఇటు దేవతలు కాదు, మనుషులే ఉన్నారంట. పిచ్చెక్కింది వాళ్ళకి.”

నేను తాళంచెవి గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే జారిపోయేది. పోతురాజు! సోమాలమ్మ కొడుకూ వాళ్ళూ యంత్రం ఆపారు. అది మంచుని అణిచే యంత్రం కాదు, మంచుని పుట్టించే యంత్రం. దాన్ని మళ్ళీ తిప్పడానికి మా పిల్లలు కావాలి. నా పేరంటాలు కొండెక్కి, దాని చేత్తోనే, మాకూ సోమాలమ్మకీ మధ్య మళ్ళీ తెర దించాలన్నమాట!

“ఏంటి నాంచారమ్మా, అలా చూస్తున్నావు?”

“ఏం లేదు బాబూ. అమావాస్యకి రండి,” అన్నాను. ఇంత చిన్న జవాబు నా జన్మలో ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత గుంజ దగ్గరికి పోయి సోమాలమ్మకి సంగతి చెప్పాను. కొడుకు బతికున్నాడన్న మాట విని నా భుజం మీద పడి భోరుమంది. ఇద్దరు పెద్దమనుషులూ అక్కడే కూర్చుని ఒక మాట అనుకున్నారు. అమావాస్య ఆటుకి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, రెండు దేశాల మధ్యా నేల తేలుతుంది. దోనె అక్కర్లేదు, నడిచి రావచ్చు.

అమావాస్య

గేటు తెరవలేదు.

పొద్దున్నే పేరంటాలు తల దువ్వుకుని మూట కట్టుకుంది. “ఎందుకే, వెళ్ళడం లేదుగా,” అన్నాను. “వాళ్ళు తుపాకులతో వస్తే? నీళ్ళ కోసం ఊరు మనసు మార్చుకుంటే? కట్టుకుని ఉంటే మంచిదమ్మా,” అంది. కంచు గిన్నె తోమి దాని మూటలో పెట్టాను. మా అమ్మ నాకిచ్చింది, దానికి నేనిచ్చేది అదొక్కటే. మిగతా పిల్లలు కూడా మూటలతో గేటు దగ్గర నిలబడ్డారు. బావగారు కొడుకు చెయ్యి వదల్లేదు.

ప్రభంజన్ ఖాళీ బండ్లతో వచ్చాడు. గేటు మూసి ఉండటం చూసి నోరు తెరిచాడు. ఈ గేటు పగటిపూట మూసి ఉండటం ఆయన ఎరగడు.

“తెరువు నాంచారమ్మా.”

“తెరవను.”

“నీకేమైనా పిచ్చా? ఈ చక్రం తిప్పితే ఏమవుతుందో తెలుసా?”

“తిప్పండి బాబూ. చూద్దాం.”

ఆయన తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్ళీ విప్పాడు. గొట్టం గుటగుటమని గాలి కక్కి ఊరుకుంది. చుక్క నీళ్ళు లేవు. సోమాలమ్మ వాళ్ళు ఇవాళ పొద్దున్న గొట్టంలో బిందె ఒంపలేదు. ప్రభంజన్ చక్రం వంకా చేతుల వంకా చూసుకున్నాడు.

“నేను కట్టకముందే ఎండిపోయిందేంటి?”

“అటు చూడండి.”

“అటు చూడకూడదు.”

“చూడండి బాబూ. నేను చూస్తున్నానుగా, కరిగిపోయానా?”

చూశాడు. బురద అంతా తేలి ఉంది, మెరుస్తోంది. దానిమీద, మంచన్నదే లేని ఎండలో, బారుగా మనుషులు నడిచొస్తున్నారు. నెత్తిమీద బిందెలు. అందరికంటే ముందు సోమాలమ్మ.

“విషం...” అన్నాడు. గుడ్డ రెండు చేతులా ముక్కుకి నొక్కుకున్నాడు. “వాళ్ళు చచ్చిపోవడం లేదేంటి?”

సోమాలమ్మ బిందె దించి, కొంగుతో మెడ తుడుచుకుని, కమ్మీల సందులోంచి ఆయన్ని తేరిపార చూసింది. “ఈయనేనా మీ పొరుగాయన? మా ఇరుగాయన కూడా అచ్చం ఇట్టాంటి టోపీనే పెడతాడు. దానిమీద ఒకటి, దీనిమీద రెండు.”

ఆయన టోపీ తీసి అంకె వంక చూసుకున్నాడు. నేను కాచుకుని కూర్చున్న మాట అనేశాను. “మీరు తప్ప మాకెవరున్నారో చూశారా ప్రభంజన్ గారూ? మీరు మాకు తెచ్చిన నీళ్ళు వీళ్ళవి. వీళ్ళకిచ్చిన బియ్యం మావి. కొండమీద కూర్చున్న పిల్లల్లో ఈవిడ కొడుకున్నాడు.”

అరుస్తాడనుకున్నాను. తుపాకులవాళ్ళని పిలుస్తాడనుకున్నాను. ఆయన మొహంలో రక్తం లేదు. మూతికున్న గుడ్డ మెల్లగా విప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన మూతి చూడటం అదే మొదలు. పెద్దవాడే, మీసం నెరిసింది. గేటు అవతల నేలమీద కూలబడ్డాడు.

“నాకు తెలీదు నాంచారమ్మా. మా అమ్మాయి మీద ఒట్టు, నాకు తెలీదు.” తల ఉత్తరానికి తిప్పాడు. “మా దేశానికి ఉత్తరాన కూడా మంచే.”

నేను కమ్మీల దగ్గరికి జరిగాను.

“అక్కడా యంత్రాలున్నాయి. మంచుని అణిచే యంత్రాలని చెప్పారు. పైవాళ్ళ గేటొకటి ఉంది. మీ నీళ్ళలోనూ బియ్యంలోనూ మేం మిగుల్చుకున్నదంతా ఆ గేటు దాటి పోతుంది. రెండేళ్ళ కింద పిల్లల్ని అడిగారు. మా అమ్మాయిని నేనే తీసుకెళ్ళి దింపాను. మాకూ అదే మాట చెబుతారు, మేం తప్ప మీకెవరున్నారని.” టోపీ మీది అంకెని వేలితో తడిమాడు. “ఆ గేటు మీద మా దేశం పేరు ఎగువ అని ఉండదు. దిగువ అని ఉంటుంది.”

తిట్టడానికి దాచుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి. సోమాలమ్మ బిందె వంచి, దోసిలి పట్టమని, కమ్మీల సందులోంచి ఆయనకి నీళ్ళు పోసింది. ప్రభంజన్ గారు తాగారు. ఈ పూట నుంచి ఆయన పేరు పక్కన గారు అని రాస్తున్నాను.

తాగి, మీసం తుడుచుకుని, ఆయన పిల్లల వంక చూశారు. “బండ్లు ఖాళీగానే తీసుకెళ్తాను. పైకి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటా.” లేచారు, మళ్ళీ ఆగారు. “మీరు ఆ మంచు అవతల మనుషులున్నారని ఎట్లా కనిపెట్టారు?”

పేరంటాలు మూట విప్పింది. అందులోంచి కంచు గిన్నె తీసి నా చేతికిచ్చింది. మూట మళ్ళీ కట్టలేదు, బట్టలు అరుగు మీద అలాగే వదిలేసింది. నేను లోపలికెళ్ళి, పొయ్యిమీదున్న మచ్చగింజల అన్నంలో బెల్లం కలిపి, గిన్నె నిండా పెట్టి, ఆకు మూతేసి నారతో కట్టాను. గేటు తెరిచి ఆయన చేతుల్లో పెట్టాను.

“మీ ఉత్తరపు మంచు అంచున పెట్టి రండి. మర్నాడు వెళ్ళి చూడండి.”

“మా వాడు కనిపిస్తే అమ్మ పొరుగమ్మకి వేసిన ఆకు మనుషులకే అందిందని చెప్పండి,” అంది సోమాలమ్మ.

ఆయన గిన్నెని రెండు చేతులతో పట్టుకున్నారు, ఒలికిపోతుందేమో అన్నట్టు. “ఎవరూ తీసుకోకపోతే?” అన్నారు.

“తీసుకుంటారు. గిన్నె మా అమ్మది, జాగ్రత్త,” అన్నాను. “ఖాళీగా మాత్రం తేకండి.”